బొద్దింకలు జెల్ ముట్టట్లేదు: నేర్చుకున్నాయా, పుట్టుకతోనే అలా వచ్చాయా?

పటమట_పద్మ
మా అపార్ట్‌మెంట్‌లో బొద్దింకల గోల. డ్రైనేజీలోంచి వచ్చే పెద్దవి కాదు, కిచెన్ కప్‌బోర్డుల్లో ఉండే చిన్న గోధుమరంగువి. మొదట్లో జెల్ చుక్కలు పెట్టిస్తే వారం తిరక్కుండా అన్నీ పోయాయి. ఇప్పుడు అదే జెల్, అదే మనిషి వచ్చి పెట్టాడు, రాత్రి లైటేసి చూస్తే బొద్దింక చుక్క దాకా వచ్చి, మీసాలు ఆడించి, మూతి పెట్టి, వెనక్కి తిరిగి పోతోంది. పెట్టిన అబ్బాయేమో "తెలివిమీరిపోయాయి మేడం, పిల్లలకి కూడా నేర్పేస్తున్నాయి" అంటాడు. మావాడు ఇంటర్ బైపీసీ, "ఇది నేచురల్ సెలెక్షన్ అమ్మా, నేర్చుకోవడం కాదు" అంటాడు. మా ఆయన ఇద్దర్నీ కొట్టిపారేసి జెల్లే కల్తీ అంటున్నారు. ముగ్గురిలో ఎవరు కరెక్టు? ఇంకో డౌటు కూడా, రంగూ ఎత్తూ అంటే తల్లిదండ్రుల నుంచి వస్తాయి, అర్థమైంది. ఒకటి నచ్చకపోవడం, భయపడటం, కొట్లాడటం లాంటి గుణాలు కూడా అలాగే వస్తాయా?

కృష్ణలంక_కుర్రాడు
సేమ్ టు సేమ్ అక్కా, మా ఇంట్లోనూ అంతే. నా ఓటు జెల్ అబ్బాయికి. ఒకటి తిని పడిపోతే పక్కది చూసి జాగ్రత్త పడుతుంది, దీనికి జీన్స్ దాకా ఎందుకు.

అడ్మిన్_గవర్నర్‌పేట
జెల్ బ్రాండ్ పేర్లు, పెస్ట్ కంట్రోల్ కంపెనీల పేర్లు రాయొద్దు. మిగతా చర్చ కానివ్వండి.

జువాలజీ_మేస్టారు
పద్మగారూ, ఓటు మీ అబ్బాయికి వెయ్యండి. మీరు లైటేసి చూసిన సీనే అమెరికాలో ఫ్లోరిడా అపార్ట్‌మెంట్లలో చూశారు. అప్పట్లో ఎర మందుల్లో తీపి కోసం గ్లూకోజ్ కలిపేవాళ్ళు. బాగా పనిచేసిన ఎర ఉన్నట్టుండి పని మానేసింది. జూల్స్ సిల్వర్‌మన్ అనే ఆయన వెనకబడి చూస్తే తేలిందేంటంటే, వాటికి మందుతో పేచీ లేదు, గ్లూకోజ్‌తో పేచీ. మందు కలపని వట్టి గ్లూకోజ్ పెట్టినా వెనక్కి పోయేవి, ఫ్రక్టోజ్ పెడితే తినేవి. ఇది 1993లో బయటికొచ్చింది. తర్వాత 2013లో ఆయనే, వాడా-కత్సుమాటా, షాల్ అనే ఇద్దరితో కలిసి నార్త్ కరోలినాలో కారణం పట్టుకున్నారు. బొద్దింక నోటి చుట్టూ సన్నటి రుచి వెంట్రుకలు ఉంటాయి, లోపల తీపికి ఒక నరం, చేదుకి ఒక నరం. మామూలు బొద్దింకలో గ్లూకోజ్ తీపి నరాన్నే కదిలిస్తుంది. వీటిలో చేదు నరాన్ని కూడా కదిలిస్తోంది. అంటే మనం పాయసం అనుకుని పెట్టింది దాని నోటికి వేపాకు రసం.

ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఎర పెట్టకముందే ఆ గుంపులో ఎక్కడో ఒకటీ అరా అలాంటి నోరు ఉన్నవి ఉన్నాయి. మిగతావన్నీ తిని చచ్చాయి, ఇవి మిగిలి పిల్లల్ని పెట్టాయి, నేచురల్ సెలెక్షన్ అంటే ఇదే. ఈ లక్షణం ముఖ్యంగా ఒక్క జీన్ మీద నడుస్తుంది, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక కాపీ వచ్చినా కొంత కనపడుతుంది. ఒక్కో గుడ్ల సంచిలో 30, 40 పిల్లలు, రెండు మూడు నెలల్లో అవీ పిల్లలు పెట్టే వయసుకొస్తాయి, ఇక లెక్క మీరే వేసుకోండి.

మీ ఇంట్లోవి ఆ రకమో కాదో తేలాలంటే మందుల షాపులో గ్లూకోజ్ పొడి కొని తడిపి ఒక చుక్క, పక్కన పల్లీల ముద్ద ఒక చుక్క పెట్టి రాత్రికి చూడండి. గ్లూకోజ్ వదిలేసి పల్లీ తింటే విషయం అదే. అప్పుడు వేరే పదార్థంతో చేసిన ఎర అడగాలి, మూడు నెలలకోసారి రకం మార్చాలి. కల్తీ సంగతికి కూడా ఈ టెస్టుతో కొంత ఆధారం దొరుకుతుంది.

కృష్ణలంక_కుర్రాడు
మాస్టారూ మరి పక్కది చూసి నేర్చుకోవడం అసలు ఉండదా?

గన్నవరం_వెట్
బ్రో జెల్ కావాలనే ఆలస్యంగా చంపేలా చేస్తారు. తిన్నది తిరిగి తన సందులోకి వెళ్ళి అక్కడ చస్తుంది, దాని రెట్ట, దాని శవం తిని మిగతావి చస్తాయి. చుక్క దగ్గరే పడిపోతే కదా పక్కది చూసి దీనివల్లే పోయింది అనుకునేది.

లాజిక్_లక్ష్మి
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక అడ్డం. బొద్దింక ఏమీ నేర్చుకోదు అన్నట్టు వెళ్తోంది చర్చ, అది నిజం కాదు. 2007లో జపాన్‌లో వతనబే, మిజునామి అని ఇద్దరు బొద్దింకకి ఒక వాసన చూపించి వెంటనే చక్కెర ఇస్తూ పోయారు, కొంతసేపటికి వాసన ఒక్కటే చూపించినా లాలాజలం ఊరింది. పావ్లోవ్ కుక్క కథే, కుక్క బదులు బొద్దింక. అలాంటప్పుడు జెల్ వాసనని ఒంట్లో బాగోకపోవడంతో ముడిపెట్టుకోలేదని ఎలా అంటాం? ప్రతిదీ జీన్స్ ఖాతాలో రాసేస్తే ఇక ఆలోచించే పనే ఉండదు.

జువాలజీ_మేస్టారు
మంచి అడ్డమే వేశావమ్మా. నేర్చుకుంటుంది, కాదన్నది లేదు. కానీ ఆ నేర్చుకున్నది ఆ ఒక్క బొద్దింకతోనే పోతుంది, గుడ్డులోకి వెళ్ళదు. ఫ్లోరిడా బొద్దింకల పిల్లల్ని ల్యాబ్‌లో, జన్మలో ఎర చూడకుండా పెంచినా గ్లూకోజ్ ముట్టలేదు. రెండు రకాల్నీ కలిపి సంకరం చేస్తే పిల్లల్లో ఏ లెక్కన రావాలో ఆ లెక్కనే వచ్చింది. నేర్చుకున్నదా పుట్టుకతో వచ్చిందా అని విడదియ్యాలంటే ఇవే దారులు: విడిగా పెంచి చూడటం, సంకరం చేసి చూడటం, పెంపుడు తల్లి దగ్గర పెట్టి చూడటం. ఏదీ చెయ్యకుండా గుణం చూసి ఇది జీన్ అనేసినా, ఇది పెంపకం అనేసినా రెండూ వాగుడే.

సత్తెనపల్లి_పత్తి
మాకిది కొత్త కాదండి. 80ల చివర్లో మా నాన్న పత్తి వేసిన రోజులు, శనగపచ్చ పురుగు మీద సింథటిక్ మందులు మొదట మంత్రంలాగా పనిచేశాయి, తర్వాత ఎంత డోసు పెంచినా పురుగు కాయలో కూర్చుని తింటూనే ఉంది, గుంటూరు ప్రకాశం జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో మా ఊళ్ళో పెద్దోళ్ళని అడగండి, అప్పుడు షాపు వాళ్ళు కూడా "పురుగు అలవాటు పడింది" అనే మాటే చెప్పి ఇంకో డబ్బా అంటగట్టేవాళ్ళు. అలవాటు పడటం కాదు, తట్టుకున్నదాని పిల్లలు మిగిలాయి అని ఒక్కళ్ళు నాన్నకి చెప్పుంటే ప్రతి వారం అదే మందు కొట్టేవాడు కాదు.

గన్నవరం_వెట్
అన్నా, మీరు చెప్పింది చాలా ముఖ్యం. చిన్న తేడా ఉంది: ఆ పురుగు మందు తిన్నా ఒంట్లో దాన్ని విరగ్గొట్టేసుకుంది, అది శరీరం మార్పు. పద్మగారి బొద్దింక మందు తిననే తినట్లేదు, అది ప్రవర్తన మార్పు. సెలెక్షన్ అనే జల్లెడ మాత్రం ఒకటే. దోమల్లో రెండూ దొరుకుతాయి. మందు పూసిన దోమతెరలు పంచాక ఆఫ్రికాలో కొన్ని ఊళ్ళల్లో దోమలు అర్ధరాత్రి మానేసి జనం తెరలోంచి బయటికొచ్చే తెల్లవారుజామున కుట్టడం ఎక్కువైంది.

నైట్‌షిఫ్ట్_రవి
బెంజ్ సర్కిల్ దగ్గర కుక్కలు ట్రాఫిక్ ఆగేదాకా నిలబడి జనంతో పాటు దాటుతాయి, రోజూ డ్యూటీకి వెళ్తూ చూస్తా. ఇదీ సెలెక్షనేనా? దాటడం రానివి పోయుంటాయి కదా?

లాజిక్_లక్ష్మి
అది పక్కా నేర్చుకోవడం రవీ. తల్లి వెనకాల తిరిగి, మనుషుల వెనకాల తిరిగి అబ్బింది. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీదే పనిచేస్తుంది, మనిషి చెయ్యి చూపించిన వైపు వెళ్ళాలని ఏ ట్రైనింగూ లేని వీధి కుక్కలు కూడా పట్టుకుంటాయని చూపించారు. మనుషుల్ని చదవడం వాటికి అన్నం లాంటి విషయం.

ఉండవల్లి_పక్షులు
రోడ్ల మీద సెలెక్షన్ జరిగిన కేసు ఒకటుంది రవీ, కాకపోతే పిట్టల్లో. అమెరికాలో నెబ్రాస్కాలో వంతెనల కింద గూళ్ళు పెట్టే ఒక రకం వానకోయిలల్ని చార్లెస్ బ్రౌన్, మేరీ బ్రౌన్ దంపతులు 30 ఏళ్ళు చూశారు. రోడ్డు మీద బండ్లు తగ్గలేదు, గూళ్ళు పెరిగాయి, అయినా బండ్ల కింద పడి చచ్చే పిట్టలు ఏడాదికేడాది తగ్గిపోయాయి. చచ్చిన వాటి రెక్కలు బతికిన వాటికన్నా పొడుగు. పొట్టి రెక్క ఉన్నది రోడ్డు మీద నుంచి నిట్టనిలువుగా చటుక్కున లేవగలదు. 2013లో ప్రచురించారు. వాళ్ళే ఇంకో మాట కూడా రాశారు, పక్కపిట్ట చావు చూసి నేర్చుకోవడం కూడా కొంత ఉండొచ్చని. రెండూ కలిసే పనిచేస్తాయి, మనమే ఇక్కడ రెండు పార్టీలు కట్టాం.

తెనాలి_మణి
నాకు తెలిసిన లోకం కోళ్ళు, అదే చెప్తా. మా నాటు పెట్ట పదో పన్నెండో గుడ్లు పెట్టగానే గంప దిగదు, తిండి మానేసి పొదుగుకి కూర్చుంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. ఇంక గుడ్లు కావాలంటే మా అత్తగారు దాన్ని నీళ్ళలో రెండు మునకలేయించి వదిలేవారు. అదే ఫారం తెల్ల కోడిని తెచ్చి మా దగ్గరే గంపలో పెట్టి పెంచా, గుడ్డు పెడుతుంది, లేచి పోతుంది, తిరిగి కూడా చూడదు. దానికి తల్లి లేదు కాబట్టి నేర్చుకోలేదు అనుకుందామంటే, నాటు పెట్టల్ని కూడా ఇంక్యుబేటర్‌లో తీయించినవి పెంచా, అవి టైముకి బుద్ధిగా కూర్చున్నాయి. మరి దీన్నేమంటారు?

గన్నవరం_వెట్
మణక్కా మీరు పెద్ద ప్రయోగమే చేసేశారు, మాస్టారు చెప్పిన "విడిగా పెంచి చూడటం" ఇదే. పెట్ట పొదుగుకి కూర్చోవడం ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం వల్ల, అది పెరిగితే గుడ్లు ఆగుతాయి. వైట్ లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో మనుషులు తరతరాలుగా, కూర్చోకుండా గుడ్లు పెడుతూనే ఉన్న పెట్టల గుడ్లే పొదిగించుకుంటూ వచ్చారు. ఆ పద్ధతిలో పొదిగే గుణమే దాదాపు పోయింది. అడవిలో అయితే పొదగని కోడికి ఒక్క పిల్ల మిగలదు, ఆ గుణం ఆ తరంతోనే ఆగిపోతుంది. ఫారంలో మిషన్ పొదుగుతుంది కాబట్టి పొదగనిదే గెలిచింది. గుణం మంచిదా చెడ్డదా అనేది ఎక్కడ బతుకుతున్నావు అన్నదాన్ని బట్టే.

తెనాలి_మణి
మా అత్తగారు ఉంటే ఈ హార్మోన్ మాట వినిపించేదాన్ని. ఆవిడ కోళ్ళకి దిష్టి తీసేవారు.

పందెం_వద్దు
కోళ్ళ మాట వచ్చింది కాబట్టి, జాతి కోళ్ళ సంగతి చెప్పండి. సంక్రాంతికి మా పేటలో చూస్తుంటా, డేగలూ కాకులూ నెమళ్ళూ అని రంగుని బట్టి పిలిచే పుంజుల్ని. కత్తి కట్టడం, పందెం రెండూ చట్టవిరుద్ధం, నేను దానికి పూర్తి వ్యతిరేకిని. నా ప్రశ్న అంతవరకే: ఆ కసి ట్రైనింగా, పుట్టుకా?

గన్నవరం_వెట్
అసిల్ అనే ఆ పందెం జాతి పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. ఈకలు కూడా సరిగ్గా రాని వయసులో ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి, అందుకే వాటిని తొందరగా విడదీస్తారు, ఎవరూ ట్రైనింగ్ ఇవ్వకముందు సంగతి ఇది. మామూలు పుంజు ఓడిపోతున్నా అనిపిస్తే పారిపోతుంది, ఆ పారిపోవడమే దాన్ని బతికిస్తుంది. అసిల్‌లో పారిపోయిన పుంజుని పెంపకానికి ఉంచలేదు, వందల ఏళ్ళు. దాన్ని దాచుకునే బుద్ధి దాంట్లోంచి మనుషులే తీసేశారు. నాకు పందెం కన్నా ఎక్కువ బాధ పెట్టే విషయం ఇది.

పందెం_వద్దు
ఈ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. థాంక్స్.

నూజివీడు_పౌల్ట్రీ
దీనికి రివర్స్ కూడా చేశారు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో విలియం మ్యూర్ అని ఒకాయన, 1996 పేపర్. ముక్కు కత్తిరించని కోళ్ళు ఒకే కేజ్‌లో వేస్తే పొడుచుకుని చస్తాయి, మా వ్యాపారంలో అందరికీ తెలిసిన తలనొప్పి. ఆయన బాగా గుడ్లు పెట్టే పెట్టల్ని ఒక్కొక్కటిగా ఏరడం మానేసి, మొత్తం కేజ్ కేజ్‌గా ఏరాడు, ఏ కేజ్‌లో అన్నీ కలిసి బతికి బాగా పెట్టాయో ఆ కేజ్ మొత్తాన్ని తర్వాతి తరానికి తల్లులుగా తీసుకున్నాడు. మొదట ఏడాదికి 68 శాతం చచ్చేవి, రెండు తరాలు తిరిగేసరికి 9 శాతం లోపుకి వచ్చింది. మందూ లేదు, కేజీ మేత ఎక్కువా లేదు. పక్కదాన్ని పొడవకుండా ఉండటం కూడా ఏరుకోదగ్గ గుణమే అన్నమాట.

పటమట_పద్మ
ఇంత లోతుకి వెళ్తుందని అనుకోలేదు, మావాడు పక్కన కూర్చుని చదువుతున్నాడు. వాడి ప్రశ్న: కోకిల పిల్ల కాకి గూట్లో పెరుగుతుంది కదా, మరి కావ్ కావ్ అనకుండా కూ కూ అని ఎలా అంటుంది?

ఉండవల్లి_పక్షులు
బాబుకి నా తరఫున శభాష్. కోకిల కూత పుట్టుకతో వచ్చేదే, నేర్చుకునే అవసరం లేదు, కాకుల మధ్య పెరిగినా దాని గొంతు దానిదే. ఉండి తీరాలి కూడా, ఎందుకంటే అది తన తల్లీతండ్రీ దగ్గర పెరగదు, కూత నేర్చుకోవాల్సి వస్తే కాకి కూతే అబ్బేది, ఇక జతెక్కడ దొరుకుతుంది. పాటపిట్టలు చాలావాటికి ఇది వేరు, అవి చిన్నప్పుడు తండ్రి పాట వినకపోతే పెద్దయ్యాక పాట వంకరగా వస్తుంది.

ఇంకో సంగతి, యూరప్‌లో ఉండే కుక్కూ పిల్ల కళ్ళు తెరవకముందే గూట్లో మిగతా గుడ్లని వీపు మీద ఎత్తి బయటికి తోసేస్తుంది, ఎవరూ చూపించలేదు దానికి. మన కోకిల పిల్ల అలా తొయ్యదు, కాకిపిల్లలకన్నా ముందు పుట్టి, ముందు పెరిగి, తిండి ముందు లాక్కుంటుంది.

కృష్ణలంక_కుర్రాడు
కాకి అంత తెలివైంది కదా అన్నా, పరాయి గుడ్డుని ఎందుకు పట్టుకోదు?

ఉండవల్లి_పక్షులు
కోకిల గుడ్డు చూడ్డానికి కాకి గుడ్డులాగే ఉంటుంది, కాస్త చిన్నది. అనుమానం వచ్చిన ప్రతి గుడ్డునీ పారేసే కాకి ఉందనుకో, అది ఒక్కోసారి తన గుడ్డే పారేస్తుంది. ఆ నష్టం కోకిల వల్ల వచ్చే నష్టం కన్నా ఎక్కువైతే అనుమానపు కాకికే పిల్లలు తక్కువ. అందుకని గుడ్డు దగ్గర ఉదారంగా ఉండి, పెద్ద కోకిల చెట్టు దగ్గరికి వస్తే మాత్రం తరిమి తరిమి కొట్టే కాకులే మనకి మిగిలాయి. చైత్రంలో మా వీధిలో రోజూ ఇదే యుద్ధం.

మంగళగిరి_మగ్గం
గిజిగాడు గూడు సంగతేంటి? మా చేను గట్టు మీద ఈతచెట్టుకి వేలాడుతుంటాయి. ఆ అల్లిక చూస్తే మగ్గం మీద కూర్చునే మాకే సిగ్గేస్తుంది, అదంతా పుట్టుకతో వచ్చేస్తుందా?

ఉండవల్లి_పక్షులు
సగం సగం. అల్లాలనే తపన, ముడి వేసే తీరు పుట్టుకతో వస్తాయి. చెయ్యి తిరగడం మాత్రం ప్రాక్టీసే. కుర్ర మగపిట్టలు కట్టే తొలి గూళ్ళు వదులుగా, అడ్డదిడ్డంగా ఉంటాయి, మీ చేను దగ్గర కూడా గమనించండి. ఆఫ్రికా గిజిగాళ్ళ మీద కొలియాస్ దంపతులు చేసిన పనిలో, చిన్నప్పుడు గడ్డీ ఆకూ ఏదీ ఇవ్వకుండా పెంచిన మగపిట్టలు తర్వాత ఆకు చీల్చడానికే తంటాలు పడ్డాయి.

మంగళగిరి_మగ్గం
మా అబ్బాయికి చూపిస్తా ఈ పోస్టు. మగ్గం ఎక్కమంటే పుట్టుకతో వచ్చే విద్యే కదా అంటున్నాడు.

సత్తెనపల్లి_పత్తి
ఒకటి అర్థం కావట్లేదు. జంతువులు తమ జాతి మేలు కోసం ఇవన్నీ చేస్తాయని మాకు బళ్ళో చెప్పారు. జాతి బతకాలనే కదా?

జువాలజీ_మేస్టారు
ఆ మాట చాలా బళ్ళల్లో చెప్తారు, అందుకే కొంచెం గట్టిగా చెప్పాలి. కొండముచ్చుల్ని తీసుకోండి. 1960ల్లో ధార్వాడ దగ్గర సుగియామా అనే జపాన్ ఆయన, 70ల్లో అబూ కొండ మీద సారా హర్డీ ఇవే కొండముచ్చుల్ని చూశారు. బయటి మగకోతి వచ్చి పాత మగదాన్ని తరిమేసి మందని ఆక్రమించుకోగానే, పాలు తాగే పసిపిల్లల్ని చంపుతుంది. జాతి మేలు అయితే ఇది ఎందుకు జరగాలి? పిల్ల పోతే తల్లి పాలు ఆగిపోయి తొందరగా మళ్ళీ ఎదకొస్తుంది. మంద మీద ఈ మగదాని పెత్తనం ఎంతకాలమో తెలీదు, ఈలోపే తన పిల్లలు పుట్టాలి. అలా చేసిన మగదాని పిల్లలే ఎక్కువ మిగిలారు, గుణం కూడా మిగిలింది. ఆడవి ఊరుకోవు, గుంపుగా ఎదురు తిరుగుతాయి, అదీ అదే జల్లెడలో నిలిచిన గుణమే. మంద కిక్కిరిసిపోవడం, రోగం, మనుషుల రాపిడి వల్ల ఇది జరుగుతుందని వాదించినవాళ్ళూ ఉన్నారు, ఆ వాదన చాలా ఏళ్ళు నడిచింది. తర్వాత డీఎన్ఏ చూస్తే చంపిన మగది, చచ్చిన పిల్లకి తండ్రి కాదనే తేలింది.

పటమట_పద్మ
చదువుతుంటే కడుపులో తిప్పింది మాస్టారూ. ప్రకృతే అలా చేసింది అంటే అది న్యాయం అన్నట్టు వినపడుతోంది.

జువాలజీ_మేస్టారు
లేదమ్మా. వరద ఎందుకొచ్చిందో చెప్పినవాడు వరదని మెచ్చుకున్నట్టు కాదు కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు మన సింగ్‌నగర్‌ని ముంచింది, కారణం తెలుసుకున్నాం, సమర్థించలేదు. ఇక్కడా అంతే.

లాజిక్_లక్ష్మి
సరిగ్గా ఈ పాయింట్ దగ్గరే నాకు భయం. జంతువుల దగ్గర మొదలెట్టి నెమ్మదిగా మనుషుల మీదికి తెస్తారు, ఫలానా కులం వాళ్ళ గుణం ఇంతే, ఫలానా ఊరోళ్ళ రక్తమే అంత అని. మన దగ్గర ఆ మాటలకి కొదవ లేదు. ఎలకల మీద ఒక ప్రయోగం అందరూ తెలుసుకోవాలి. ట్రయాన్ అనే ఆయన చిక్కుదారిలో తొందరగా దారి పట్టే ఎలకల్ని ఒక వంశంగా, తప్పులు చేసేవాటిని ఇంకో వంశంగా తరాల తరబడి పెంచాడు, తెలివైన వంశం మొద్దు వంశం అని స్పష్టంగా విడిపోయాయి. ఇంకేం, తెలివి జీన్స్‌లోనే ఉంది అనుకున్నారు. 1958లో కూపర్, జూబెక్ అవే రెండు వంశాల పిల్లల్ని తీసుకుని కొన్నిటిని బొమ్మలూ మెట్లూ సొరంగాలూ ఉన్న పెట్టెల్లో, కొన్నిటిని ఏమీ లేని బోడి పెట్టెల్లో పెంచారు. బోడి పెట్టెల్లో పెరిగిన తెలివైన వంశం మొద్దు వంశంతో సమానంగా తప్పులు చేసింది. బొమ్మల పెట్టెల్లో పెరిగిన మొద్దు వంశం దాదాపు తెలివైన వాటితో సమానమైంది. అదే రక్తం, పెట్టె మారింది అంతే.

సత్తెనపల్లి_పత్తి
ఈ ఒక్క పోస్టు కోసం థ్రెడ్ మొత్తం చదవొచ్చు.

జువాలజీ_మేస్టారు
లక్ష్మి చెప్పింది అక్షరాలా నిజం. జీన్ చేసేది మొగ్గు చూపించడం. పండు ఈగల్లో ఫొరేజింగ్ అని ఒక జీన్ ఉంది, మార్లా సోకోలోవ్‌స్కీ కెనడాలో పట్టుకున్నారు. ఒక రకం పిల్లపురుగులు మేత మీద తెగ తిరుగుతాయి, ఇంకో రకం ఉన్నచోటే తింటాయి. మేత తీసేస్తే రెండూ ఒకేలా తిరుగుతాయి! తేడా జీన్‌లో ఉంది, కానీ మేత ఉంటేనే బయటపడుతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి. ఈ సబ్జెక్టుకి లెక్కలు కట్టినవాళ్ళలో పెద్దాయన జేబీఎస్ హాల్డేన్. ఇద్దరు అన్నదమ్ముల కోసమో ఎనిమిది మంది కజిన్స్ కోసమో ప్రాణం ఇస్తా అని ఆయన అన్నాడని చెప్పుకుంటారు, చుట్టరికంలో జీన్స్ ఎంత పంచుకుంటామో ఆ లెక్క అది, 1964లో హామిల్టన్ దాన్నే పూర్తి సిద్ధాంతం చేశాడు. ఈ హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలేసి కలకత్తా వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు, తన శరీరాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు మన పిఠాపురం మనిషి. లాంటానా పొదల మీద సీతాకోకచిలుకలు ఏ రంగు పూల మీద వాలుతున్నాయో గమనించి, కొన్ని జాతులు ఒక రంగునే పట్టుకుంటున్నాయని 1960లో నేచర్ పత్రికలో రాశాడు. పొద ముందు ఓపిగ్గా నిలబడి లెక్కపెట్టడమే ఆ పని. మీ అబ్బాయి ఇలాంటిది మొదలుపెట్టొచ్చు పద్మగారూ, లాంటానా మన రైలు పట్టాల పక్కన ఎక్కడైనా దొరుకుతుంది.

కృష్ణలంక_కుర్రాడు
కాకినాడ సంగతి నాకు నిజంగా తెలీదు మాస్టారూ, మా చెల్లి అక్కడే చదువుతోంది, ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

నైట్‌షిఫ్ట్_రవి
నేను ల్యాబ్రడార్ పప్పీ తీసుకుందామనుకుంటున్నా. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. అమ్మేవాళ్ళు "ల్యాబ్ అంటే కరవదు సార్, జాతి గుణం" అంటున్నారు. ఇదంతా చదివాక నమ్మొచ్చా?

గన్నవరం_వెట్
జాతి మీద పూర్తిగా ఆధారపడకు అన్నా. 2022లో సైన్స్ పత్రికలో 18,000కి పైగా కుక్కల మీద వచ్చిన స్టడీలో, ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ఉండే గుణాల తేడాలో జాతి వల్ల వచ్చేది 9 శాతం మాత్రమే. గొర్రెల్ని మళ్ళించడం, విసిరింది తెచ్చివ్వడం లాంటి వాటిలో జాతి ప్రభావం కొంచెం ఎక్కువ. కోపం, భయం లాంటివాటిలో చాలా తక్కువ. అదే సమయంలో తల్లిదండ్రుల గుణం పిల్లలకి వస్తుంది, అదీ నిజమే, రెండిటికీ గొడవ లేదు, ఒకే జాతిలో కూడా వంశం వంశానికీ తేడా ఉంటుంది.

నూజివీడు_పౌల్ట్రీ
రష్యా నక్కల ప్రయోగం చెప్పండి, దానికి సూటైన ఉదాహరణ.

గన్నవరం_వెట్
1959లో నోవోసిబిర్స్క్‌లో బెల్యాయెవ్ మొదలుపెట్టాడు, ల్యుద్మిలా త్రుట్ దశాబ్దాలు నడిపారు. ప్రతి తరంలో మనిషి చెయ్యి పెడితే తక్కువ బెదిరే నక్కల్నే తల్లిదండ్రులుగా ఉంచారు, ట్రైనింగ్ ఏమీ ఇవ్వలేదు. కొన్ని తరాలకే తోక ఊపుతూ మనిషి వెంట పడేవి వచ్చాయి. పక్కనే బాగా కరిచేవాటితో ఇంకో వంశం. కరిచే వంశం పిల్లల్ని మచ్చిక వంశం తల్లి దగ్గర పెంచినా గుణం మారలేదు. వేలాడే చెవులు, మచ్చలు కూడా వాటంతటవే వచ్చాయని చెప్పుకునే భాగం మీద మాత్రం 2019లో గట్టి అభ్యంతరం వచ్చింది. ఆ నక్కలు కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ఫారాల నుంచి వచ్చిన సంతతి, మచ్చల్లాంటివి అక్కడే ఉన్నాయని. మచ్చిక సంగతి మీద ఎవరికీ పేచీ లేదు.

లాజిక్_లక్ష్మి
రవీ, నక్క వేరు, కుక్కపిల్ల వేరు. దానికి మూడో వారం నుంచి పన్నెండు పద్నాలుగో వారం దాకా ఉండే రోజులు చాలా విలువైనవి, ఆ టైములో పిల్లలూ, ముసలివాళ్ళూ, మిక్సీ శబ్దం, బైకులు అన్నీ మెల్లగా పరిచయం కావాలి. మేమూ చేసింది అదే, టీకాలు పూర్తయ్యేదాకా ఎత్తుకునే తిప్పాం, నేల మీద దింపలేదు.

గన్నవరం_వెట్
అవును. తీసుకునే ముందు తల్లి కుక్కని చూడు, కుదిరితే తండ్రిని కూడా. నువ్వు కొత్త మనిషివి లోపలికి వెళ్తే తల్లి ఎలా ఉంటుందో అదే నీకు దొరికే బెస్ట్ సమాచారం. పిల్లల దగ్గర కాపలాగా మొరగడం మామూలే, ఓనర్ చెప్పినా తగ్గకుండా మీదికి వస్తుంటే, లేదా మూలకి వెళ్ళి వణుకుతుంటే ఆలోచించు. ఎనిమిది వారాల లోపు పిల్లని తల్లి నుంచి విడదీసి ఇస్తామంటే వద్దను.

నైట్‌షిఫ్ట్_రవి
తల్లి వేరే ఊళ్ళో ఉంది, చూపించడం కుదరదు, కావాలంటే వీడియో పంపిస్తాం అన్నారు. ఆదివారం లోపు అడ్వాన్స్ వెయ్యమంటున్నారు.

గన్నవరం_వెట్
వెయ్యకు అన్నా. తల్లిని చూపించేవాళ్ళు గుణదలలో ఒకరున్నారు, వివరాలు మెసేజ్‌లో పెడుతున్నా. పాపని కూడా తీసుకెళ్ళు.